అతుకు కనపడని ఆకాశం

ఏలూరులో ఆసిఫ్ చేసిన పెళ్లి ఆల్బమ్‌కు వంక పెట్టినవాళ్లు లేరు. స్టేజీ మీద మల్లెదండ తెగిపోయి కనిపిస్తే, పక్క దండను కంప్యూటర్లో కాపీ చేసి అతికించేసేవాడు. పెళ్లికి రాని మేనమామను కూడా వరుసలో నిలబెట్టిన ఘనుడు. అందరూ మెచ్చుకున్నారే తప్ప అది మోసమని ఎవరూ అనలేదు. అతనూ అనుకోలేదు.

అలాంటివాడికి ఆకాశం మీదికి గాలి మళ్లింది. కొల్లేటి గట్టు మీద కెమెరా పెట్టి పాలపుంతను ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీశాడు. వాటన్నిటినీ చుక్కకు చుక్క కలుపుతూ ఒకే పెద్ద బొమ్మగా కుట్టాడు. అన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. చేపల చెరువు దీపాల వెలుగు పడి కింది మూల ముక్క తెల్లగా పాడైపోయింది. మళ్లీ తీద్దామంటే మబ్బులు వదల్లేదు. కూతురు హుమా చదివే తాడేపల్లిగూడెం కాలేజీలో సైన్సు ప్రదర్శన దగ్గరపడింది. చేతికి అలవాటైన పనే కదా! పక్క ముక్కలోని చుక్కలను కాపీ చేసి, తలకిందులుగా తిప్పి అతికించేశాడు. అతుకు తనకే కనపడకపోయేసరికి మురిసిపోయాడు.

ప్రదర్శనలో గోడంత బొమ్మ పక్కన హుమా స్కేలు పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట.

“మా నాన్నగారు తీశారండీ. ఇందులో ఒక్క చుక్క కూడా కల్పించింది కాదండీ.”

వెనక నిలబడ్డ ఆసిఫ్ చూపు అతుకు వేసిన కింది మూల మీదికే పోయింది. ఆ మాట నిన్నెవరు చెప్పమన్నారే తల్లీ!

ఇంతలో ఫిజిక్స్ చెప్పే జయశ్రీ మేడం వచ్చి సరిగ్గా ఆ మూలనే వేలు పెట్టారు.

“ఈ గుంపు పేరేంటమ్మా?”

హుమా నక్షత్రాల చార్టు తీసింది. బొమ్మనూ చార్టునూ మార్చి మార్చి చూసింది. లేనిదాన్ని ఎక్కడని వెతుకుతుంది? ముఖం కందిపోయింది.

“నేనే సరిగ్గా చదువుకోలేదండీ. సారీ మేడం.”

“నాన్నగారు అంత కష్టపడి చేసిస్తే, నువ్వు చదువుకోకుండా వస్తే ఎలాగమ్మా?”

హుమా తల వంచుకుంది. తను చేసిన తప్పుకు ఆ పిల్ల మాట పడుతోంది. ఆసిఫ్ సిగ్గుతో చచ్చిపోయాడు. నోరు విప్పకపోతే గండం గడిచిపోయేదే. కానీ హుమా ఇంకా చార్టులో వెతుకుతూనే ఉంది.

“అమ్మాయి తప్పేం లేదండీ మేడంగారూ. ఆ చుక్కలు ఆకాశంలో లేవండీ. ఫొటో పాడైతే నేనే అతికించానండీ.”

మేడం బొమ్మ మీంచి వేలు తీసేశారు. “అయ్యో, ముందే చెప్పాల్సిందండీ” అని నెమ్మదిగా పక్క టేబుల్ వైపు నడిచారు.

హుమా తండ్రి వైపు చూడలేదు. నల్ల కాగితం ముక్క కత్తిరించి ఆ మూల అంటించింది. ఈలోగా ఉంగుటూరు నుంచి ఒక టీచరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చారు.

“ఇక్కడ నల్లగా ఏంటమ్మా?”

“అక్కడ ఫొటో పాడైందండీ.”

అంతే అంది. తండ్రి పరువు కాపాడింది. తర్వాత ఎప్పటిలాగే మొదలుపెట్టింది.

“మా నాన్నగారు తీశారండీ.”

ఆ వెంటనే రావాల్సిన ‘ఒక్క చుక్క కూడా’ అన్న మాట కోసం ఆసిఫ్ ఎదురుచూశాడు. హుమా స్కేలు పైకెత్తి, పాలపుంత గురించి చెప్పసాగింది.