నీళ్లు తాగిన కొక్కెం

"నీళ్లు నడుము దాకా వచ్చేశాయి! మనిషి మాట్లాడుతున్నాడు!"

బావి అంచున బోర్లా పడుకుని లోపలికి తొంగిచూస్తున్న కూలీ అరిచాడు. ఆ మాటతో సమ్మెటమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ మాట్లాడుతున్న మనిషి ఆమె మొగుడు.

సగం తవ్విన బావి అది. రాళ్లు నింపిన ఇనుప బొక్కెన పైకి వస్తుండగా, దాన్ని పట్టుకున్న కొక్కెం పుటుక్కున విరిగింది. బొక్కెన సరాసరి అడుక్కి పోయింది. బావి తవ్వే బండోడు దాని కిందే ఉన్నాడు. కెవ్వుమనే వ్యవధి కూడా వాడికి దొరకలేదు. గునపాలకు కొత్త మొనలు వేసి, అందించడానికి దిగిన ఆమె మొగుడి కాలు బొక్కెన కింద ఇరుక్కుపోయింది. నీళ్లు తోడే మోటారు గొట్టం కూడా అక్కడే నలిగిపోయింది. ఊట మాత్రం ఆగలేదు.

ఇద్దరు దిగి గునపాలతో ఎత్తబోయారు. ఆ ఇరుకులో నిలబడడానికే చోటు లేదు, ఇక ఎత్తేదెక్కడ? మామూలు మోకు కడితే తెగి బొక్కెన మళ్లీ ఆయన మీదే పడుతుంది. పైన ఇనుపతాడు బాగుంది. దాన్ని చుట్టే యంత్రమూ బాగుంది. కావలసిందల్లా కొక్కెం. బజారు నుంచి తెప్పించాలంటే సాయంత్రమవుతుంది. నీళ్లు సాయంత్రం దాకా ఆగవు.

విరిగిన కొక్కెంలో తాడుకి మిగిలిన ముక్క సమ్మెటమ్మ చేతిలో ఉంది. అది రోడ్డవతల ఉన్న వాళ్ల కొలిమిలో పుట్టిందే. మొన్న మధ్యాహ్నం పాత లారీ ఇరుసు కోసి, కాల్చి, ఆమె సమ్మెట వేస్తుంటే తండ్రి పట్టకారుతో తిప్పుతూ వంచాడు. ఆ సమ్మెట వల్లే ఆమెకా పేరు. వంపు కుదిరాక కొడవళ్లు ఇచ్చిరావడానికి వెళ్లిపోయింది. చల్లార్చడం మాత్రం చూడలేదు.

"నాన్నా, ఇంకో కొక్కెం కొడదాం పద! ఇరుసు ముక్క మిగిలే ఉందిగా!"

ఆమె తండ్రి పెద్దమేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "మళ్లీ అదే ఇనుముతోనా? ఇది విరిగిన తీరు చూశావుగా తల్లీ. లోపల ఏదో తేడా ఉంది. మనం చేసిందేమీ లేదు. ఇనుముదే తప్పు."

ఆ మాటకు ఆమె చప్పున పక్కనే ఉన్న బాబాయి వైపు చూసింది.

అది బాబాయి సొంత జోకు. వాళ్ల కొలిమిలో ఏది చెడినా ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. మేకు పొట్టిదైతే, 'కొనుక్కున్నవాడి గోడ మందం ఎక్కువ' అనేవాడు. గొళ్లెం వంకరైతే, 'మన గొళ్లెం తిన్నగానే ఉంది, నీ తలుపుని కాస్త వంచుకో' అని గిరాకీకే పని చెప్పేవాడు. 'ఎర్రటి ఇనుము చెప్పి కరుస్తుంది, నల్లటిది నవ్వుతూ కరుస్తుంది' అని, పనిలో చేరినవాళ్లకి వేళ్లు కాలకముందే పాఠం చెప్పేవాడు. ఇక ఏది విరిగినా ఆఖరి తీర్పు ఒకటే: 'ఇనుముదే తప్పు. దానికి నోరు లేదుగా, ఎదురు చెప్పదు.' అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు.

ఇవాళ అన్న నోట అదే మాట వస్తే బాబాయి నవ్వలేదు. నిద్రలో కూడా వాగే మనిషి, చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"కొక్కెం చల్లార్చింది ఎవరు?" అని అడిగింది సమ్మెటమ్మ.

"నేనే. నీడలో మేకుకి తగిలించి దానంతట అది చల్లారేదాకా ముట్టుకోలేదు," అన్నాడు తండ్రి.

"నేను సాక్షినమ్మా," పక్కనుంచి బావి తవ్విస్తున్న కాంట్రాక్టరు అందుకున్నాడు. "మొన్న తీసుకెళ్లడానికి వస్తే, మీ నాన్న గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూపించాడు. నల్లగా నిగనిగలాడుతోంది. తొందరపెట్టానంటావా, పెట్టాను. కూలీలు ఖాళీగా కూర్చుంటే ఊరుకుంటానా?"

ఆమె విరిగిన చోటు కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. చాలామేరకు తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. కానీ ఒక అంచున గోరంత మేర గోధుమరంగు చార ఉంది. తుప్పు. అంటే ఆ మేర ఇవాళ విరిగింది కాదు. ఎప్పుడో పగిలింది, ఆ పగులు నీళ్లు తాగింది.

"ఎవరో దీన్ని ఇంకా వేడిగా ఉండగానే నీళ్లలో ముంచారు నాన్నా. అందుకే పగిలింది."

"బావి కొక్కెం. తుప్పు పట్టక పూలు పూస్తుందా?" తండ్రి కసిరాడు. "బజారుకి మనిషిని పంపండి!"

"పంపండి. ఈలోపు నేను చూసుకుంటా," అని ఆమె రోడ్డు దాటి పరుగెత్తింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఇనుము చెడ్డదైతే దాంతో చేసిన కొత్త కొక్కెం మొగుడి నెత్తినే విరుగుతుంది. ఇనుము మంచిదై, ముంచడం వల్లే ఇది విరిగి ఉంటే, ఆయన్ని ఇప్పుడే పైకి తేవచ్చు. నాన్న మాట నిజమో అబద్ధమో తేలాలి. అబద్ధమే కావాలని దేవుడికి దండం పెట్టుకుంది. కన్నతండ్రి గురించి అలా మొక్కుకోవాల్సి వస్తుందని ఏనాడూ అనుకోలేదు.

మిగిలిన ఇరుసు నుంచి రెండు పలుచటి ముక్కలు కోసింది. వెనకే వచ్చిన బాబాయి, అడక్కుండానే కొలిమి తిత్తి అందుకున్నాడు. రెండూ ఎర్రగా కాలాయి. ఒకటి నీళ్ల తొట్టిలో పడేసింది. బుస్సుమంది. రెండోది ఇటుక మీద వదిలేసింది. అది దానంతట అది చల్లారేదాకా నిలబడడం, కాళ్ల కింద నిప్పులు పోసుకుని నిలబడినట్టే ఉంది.

"ఛాతీకి వచ్చాయి!" బావి దగ్గర్నుంచి కేక.

సమ్మెటమ్మ తొట్టిలో ముక్క తీసి దాగలి దిమ్మ అంచున పెట్టి ఒక్క దెబ్బ వేసింది. గాజుముక్కలా టప్పున విరిగింది. రెండో ముక్క పెట్టి అదే దెబ్బ వేసింది. వంగింది. తిప్పి వేసింది. ఇంకా వంగింది తప్ప విరగలేదు.

"ఇనుము బంగారంలా ఉంది," అంది. అప్పుడు బాబాయి వైపు తిరిగింది. "ముంచింది నువ్వేనా?"

"నేనే అనుకో."

"అనుకోవడమేంటి బాబాయ్? ముంచావా, లేదా?"

"ముందు కొక్కెం కొట్టండమ్మా. నన్ను తిట్టాల్సినవి ఎక్కడికీ పోవు. ఎన్నాళ్లున్నా పాడవని సరుకది," అన్నాడు. జోకే. అంటూనే మళ్లీ తిత్తి అందుకున్నాడు.

గుమ్మంలో నీడ పడింది. పెద్దమేస్త్రి. దాగలి మీద విరిగిన ముక్కనూ, వంగిన ముక్కనూ చూశాడు. పట్టకారు అందుకుని, ఇరుసు ముక్కని కొలిమిలోకి తోశాడు.

ఆ తర్వాత ఆయన చేతులు చేసిన పనిలాంటిది సమ్మెటమ్మ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒక్క దెబ్బ వృథా కాలేదు. ఆయన చిన్నసుత్తితో ఎక్కడ తడితే అక్కడ ఆమె సమ్మెట పడింది. తట్టు, దెబ్బ. తట్టు, దెబ్బ. మొన సాగింది, మెడ తిరిగింది, కన్ను పడింది. మొన్నటికంటే బలమైన కొక్కెం. ఆఖరి వంపు దగ్గర తండ్రి సుత్తిని పక్కకు వాల్చాడు. ఇక చాలని గుర్తు.

పట్టకారులో కొక్కెం ఎర్రదనం తగ్గుతూ తగ్గుతూ నల్లబడింది.

"భుజాల దాకా వచ్చాయి! త్వరగా!" కాంట్రాక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నల్లబడిందిగా మేస్త్రీ! ముంచి ఇచ్చెయ్యి!"

"తలుపు మూసెయ్," అన్నాడు పెద్దమేస్త్రి.

బాబాయి కాంట్రాక్టర్ని బయటికి నెట్టి తలుపు వేశాడు. కొలిమి మీద రేకు కప్పాడు. చీకటి.

ఆ చీకట్లో కొక్కెం ఎర్రగా వెలుగుతోంది.

వెలుతురులో బొగ్గులా కనిపించింది, లోపల ఇంకా నిప్పులాగే ఉంది. అందుకే ఏ కమ్మరీ కొలిమిని ఎండ తగిలే చోట పెట్టుకోడు. గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూపించాడని కాంట్రాక్టరు చెప్పింది ఇందాకే కదా. నల్లగా నిగనిగలాడిందట. నల్లబడిందనుకుని, గిరాకీ తొందరపెడుతుంటే, గుమ్మం పక్కనున్న తొట్టిలో ముంచిన చెయ్యి ఎవరిదో ఆమెకు అర్థమైంది. నలభై ఏళ్ల అనుభవమున్న చెయ్యి. కొత్తగా చేరినవాడు కూడా చెయ్యకూడని తప్పు.

"నాన్నా," అంది.

ఆయన తల ఎత్తలేదు. "ముంచాక సన్నగా చిట్లిన చప్పుడు వచ్చింది తల్లీ. మీ బాబాయి కూడా విన్నాడు. అదేమీ కాదులే అనుకున్నాను."

"ఇందాక బావి దగ్గర చెప్పి ఉండాల్సింది. ఆయన కింద మునిగిపోతుంటే, ఇనుముదే తప్పన్నావు."

ఎరుపు తగ్గింది. చీకట్లో కూడా కొక్కెం కనబడకుండా పోయేదాకా ముగ్గురూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. "ఇప్పుడు నీళ్లు తగిలినా ఏం కాదు," అన్నాడు తండ్రి. బాబాయి తలుపు తన్నాడు.

వేడి కొక్కేన్ని పట్టకారుతోనే మోసుకెళ్లి ఇనుపతాడుకి తగిలించారు. ఒక కూలీ దాంతోపాటే దిగి, నీళ్లలో మునిగి, బొక్కెన గొలుసులకి వేశాడు. యంత్రం మూలిగింది. తాడు బిగిసింది. సమ్మెటమ్మ కళ్లు నీళ్లలో కొక్కెం మునిగిన చోటే ఉన్నాయి. కొక్కెం సాగలేదు, పగల్లేదు. బొక్కెన జానెడు లేచింది, మూరెడు లేచింది. గడ్డం దాకా నీళ్లలో ఉన్న మనిషిని కూలీ చంకల కింద పట్టి పక్కకు లాగాడు.

పైకి తెచ్చేసరికి ఆమె మొగుడికి తెలివి ఉంది. కాలు మోకాలి కింద గోనెసంచిలా వేలాడుతోంది. "ఉంటుందంటావా?" అని అడిగాడు. "నువ్వున్నావు, అది చాలు," అని ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

ఆ తర్వాత బండోడు వచ్చాడు. టార్పాలిన్‌లో చుట్టి, అదే కొక్కేనికి కట్టి తీశారు. రాళ్లు కొట్టే పనికి పోయిన వాడి అక్కని ఎవరో పిలుచుకొచ్చారు. ఆమె ఏడవలేదు. తమ్ముడి మొహం మీది మట్టి కొంగుతో తుడుస్తూ, "ఎట్లా అయింది?" అని అడిగింది.

కాంట్రాక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఏం చెప్పమంటావమ్మా? అంచు దాటి రాళ్లు నింపాడు. వద్దురా అంటే వినలేదు. బరువెక్కువై కొక్కెం పోయింది. పోయినవాణ్ణి అనకూడదు గానీ, చేతులారా చేసుకున్నాడు."

కూలీలు మొహమొహాలు చూసుకున్నారు. బాబాయి నోరు తెరిచి, అన్న వైపు చూసి, మూసుకున్నాడు. పెద్దమేస్త్రి పట్టకారుని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు కూతుర్నే చూస్తున్నాయి. అల్లుడు బతికాడుగా తల్లీ, కొలిమి నిలబడనీ అని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. ఒక్క మాట దాస్తే రేపు మళ్లీ కొలిమి రాజుకుంటుంది. చెబితే ఈ చుట్టుపక్కల ఇక ఎవడూ వాళ్ల చేత మేకు కూడా కొట్టించుకోడు.

"మావాడిదే తప్పా?" బండోడి అక్క ఒక్కొక్కరి మొహమే వెతుకుతోంది. "వాడే చంపుకున్నాడా తనని తాను?"

సమ్మెటమ్మ మొగుడి తలని మెల్లగా కింద ఆనించి లేచి నిలబడింది.

"లేదక్కా, మీవాడు ఏ తప్పూ చెయ్యలేదు," అంది, అందరికీ వినబడేలా. "ఇంకా కాలుతున్న కొక్కేన్ని నీళ్లలో ముంచి, చప్పుడు విని కూడా మాట్లాడకుండా ఇచ్చిన మనిషి ఇక్కడే ఉన్నాడు. మా నాన్న."