ఖాళీ అనుకున్న కండెన్సర్

కాశీబుగ్గలో మామగారింటి రేడియో మూగబోయిందని తెలిసినప్పటి నుంచీ కామేశ్వరరావు అక్కడికి వెళ్లడం వాయిదా వేస్తూనే ఉన్నాడు.

అతను టెక్కలి తాలూకా ఆఫీసులో గుమాస్తా. రేడియోలు విప్పి బిగించడం సరదాకి నేర్చుకున్నాడు. ఆ సరదా కాస్తా మొన్న వేసవిలో తీరిపోయింది. సాటి గుమాస్తా ఇంట్లో, ప్లగ్గు పీకేసిన సెట్టులోనే వేలు పెడితే, లోపలి కండెన్సర్ కొట్టిన దెబ్బకి వెల్లకిలా పడ్డాడు. కండెన్సర్ అంటే ఇప్పుడు కెపాసిటర్ అంటున్నామే, అదే. ఆ పూట మంచినీళ్ల గ్లాసు కూడా చేత్తో పట్టలేకపోయాడు. ఈ సంగతి భార్య సీతాదేవికి తప్ప ఎవరికీ తెలియదు.

మామగారు పట్టాభిరామయ్యగారు పురోహితులు. అల్లుడొచ్చి చిటికెలో పలికించేస్తాడని వీధి వీధంతా చెప్పేసుకున్నారు. ఇంక కాదనడానికి నోరెక్కడిది?

తప్పక వెళ్లిన మర్నాడు పొద్దున్నే కామేశ్వరరావు సెట్టుని ఒకసారి వేసి చూసి, ప్లగ్గు పీకి, దాన్ని దేవుడి గది పక్కనున్న బల్ల మీదకి చేర్చి, వెనక అట్ట విప్పాడు. తుప్పు మరకలున్న ఇనప రేకు మీద గాజు వాల్వులు, వాటి పక్కన వెండి రంగు గొట్టం ఒకటి. అదే కండెన్సర్. దాన్ని చూడగానే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వద్దండీ," అంది సీతాదేవి గొంతు తగ్గించి. "పలాసలో ఎవరికైనా ఇచ్చీమని నాన్నగారికి నేను చెప్తాను."

"ఏమని చెప్తావు? మీ అల్లుడికి భయం అనా?"

గుమ్మం బయట అంట్లు తోముతున్న అసిరమ్మ తలెత్తింది. "పలగు పీకీసినారు గదా బాబూ, ఇంకేటి బయం?"

"పొయ్యి ఆర్పీగానే గిన్నె పట్టీసుకుంటావేటి?" అన్నాడు కామేశ్వరరావు.

"సెయ్యి కాలిపోదేటి!"

"ఇదీ అంతే. కరెంటు పోయినా ఆ గొట్టం దాని వాటా దాచుకుని కూర్చుంటుంది. ముందు దాన్ని దింపాలి."

"మా అత్త కోపం లాటిదన్నమాట," అని అసిరమ్మ మళ్ళీ గిన్నెల్లో పడింది.

దింపే ఉపాయం అతనికి తెలుసు. బల్బు హోల్డరుకి రెండు తీగలు కట్టి, తీగల కొసలు రెండు వెదురు పుల్లలకి బిగించాడు. ఒక కొస ఇనప రేకుకి, రెండోది గొట్టం అడుగున సీసం అంటించిన టాకా చుక్కకి తాకిస్తే, దాచుకున్నదంతా బల్బులోకి పోయి అది ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. వసారాలో పాత డబ్బాలో దొరికిన బల్బుని హోల్డరుకి తగిలించాడు. పుల్లలు వీలైనంత దూరంగా పట్టుకుని తాకించాడు.

బల్బు మెరవలేదు.

మరోసారి తాకించాడు. ఏమీ లేదు. పోనీలే, ప్లగ్గు పీకి చాలాసేపయింది కదా, దానంతటదే దిగిపోయి ఉంటుంది. "ఖాళీయే," అన్నాడు పైకి. సీతాదేవి కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పట్టాభిరామయ్యగారు నూతి దగ్గర స్నానం ముగించి లోపలికొచ్చారు. ఒంటి మీద తడి పంచె, ఎడం చేతిలో నీళ్లున్న రాగి పంచపాత్ర, కుడి చేతిలో రాగి ఉద్ధరిణి. మడిలో ఉన్నారు కాబట్టి సీతాదేవి గోడకి ఒదిగి దారిచ్చింది.

"ఏటి నాయనా, రోగం దొరికిందా?"

"చూస్తున్నానండీ."

కామేశ్వరరావు బల్బుని హోల్డరులోంచి తీశాడు. తీస్తుంటే లోపల సన్నగా గలగలమంది. వెలుతురుకి పెట్టి చూశాడు. తీగ తెగి అడుగున పడి ఉంది.

చచ్చిన బల్బు మెరవకపోతే గొట్టం ఖాళీ అని ఎవరు చెప్పారు?

తల తిప్పేసరికి మామగారు బల్ల మీదకి వంగి ఉన్నారు. మడి చేత్తో రేడియోని తాకరు ఆయన. అందుకని రాగి చెంచాతో చూపించబోతున్నారు. రాగికి అంటుండదు కదా! పంచపాత్ర అడుగు ఇనప రేకు అంచున ఆనించారు. తడి ఉద్ధరిణి గొట్టం అడుక్కి పోతోంది. అది తగిలిందంటే దెబ్బ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, మధ్యలో ముసలి గుండె.

"ఇదేనా అది?"

"మావయ్యగారూ, వద్దు!"

"ముట్టుకోడం లేదయ్యా, చెంచాతోనే..."

మడిలో ఉన్న మనిషిని ముట్టుకోకూడదు. పెళ్లయినప్పటి నుంచీ పూజవేళ ఆయనకి మూరెడు దూరంలోకి కూడా వెళ్లలేదు కామేశ్వరరావు. ఆ జంకు అతన్ని ఒక్క క్షణం కట్టేసింది. ఆ క్షణంలో ఉద్ధరిణి కొస ఇంకాస్త లోపలికి జారింది. అతను రెండు చేతులతో ఆయన నడుం పట్టుకుని వెనక్కి లాగేశాడు.

ఇద్దరూ గోడకి కొట్టుకున్నారు. పంచపాత్ర నేల మీద దొర్లింది. ఉద్ధరిణి ఆయన చేతిలోంచి జారి, సెట్టులో రేకుకీ టాకా చుక్కకీ అడ్డంగా పడింది.

టపాసు పేలినట్టు ఫెళ్లుమంది. నీలి మెరుపు, కాలిన వాసన.

"ఓలమ్మో!" అసిరమ్మ చేతిలో గిన్నె పడేసింది. సీతాదేవి "నాన్నా" అని అరిచి, దగ్గరికి వెళ్లాలో వద్దో తెలియక అక్కడే ఆగిపోయింది.

పట్టాభిరామయ్యగారు అల్లుడి చేతులవైపు చూశారు. అవి ఇంకా ఆయన నడుం చుట్టూ ఉన్నాయి. కామేశ్వరరావు గబుక్కున వదిలేశాడు.

"క్షమించండి. బల్బు పోయింది, నేను చూసుకోలేదు. ఖాళీ అని నేనే అన్నాను..."

ఆయన సెట్టులోని ఉద్ధరిణి వంకే చూసి, "మళ్ళీ స్నానం చేసొస్తాను," అని పెరట్లోకి నడిచారు.

కామేశ్వరరావు నడింట్లో బాగా వెలిగే బల్బు ఊడదీసుకొచ్చి హోల్డరుకి తగిలించాడు. ముందు ఉద్ధరిణిని వెదురు పుల్లతో తప్పించాడు. తరవాత తీగలు తాకించాడు. మెరవలేదు. బల్బుని మళ్ళీ నడింట్లో పెట్టి స్విచ్చి నొక్కితే భేషుగ్గా వెలిగింది. ఈసారి గొట్టం నిజంగానే ఖాళీ. అయినా లోపల చెయ్యి పెట్టడానికి అతనికి మనసొప్పలేదు.

అప్పుడు తట్టింది, నూతి దగ్గర్నుంచి నీళ్ల చప్పుడు రావడం లేదని.

పరుగున వెళ్లాడు. మామగారు నూతి గట్టు మీద కూర్చుని ఉన్నారు. చేద పక్కనే ఉంది. తాడు పట్టుకుందామంటే ఆయన వేళ్లు బిగుసుకోవడం లేదు, గడగడా వణికిపోతున్నాయి.

"దెబ్బ తగిలిందా మావయ్యగారూ?"

"లేదయ్యా. ఏటీ తగల్లేదు." ఆయన చేతులు ఒళ్లో దాచుకున్నారు. "ఇప్పుడొచ్చింది భయం."

కామేశ్వరరావు దూరంగానే నిలబడ్డాడు. మడి నీళ్లు ఇంకొకరు తోడడం ఆ ఇంట్లో లేదు.

"అలా చూస్తావేటి? నువ్వే తోడి నా నెత్తి మీద పోసీ."