శత్రువు కుర్చీ

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఎండాకాలంలో ఓర్వకల్లు రాళ్లగుట్టల కింద మా సైన్యం డేరాలు వేసింది. ఒక్కో డేరాలో ఒక కెప్టెన్ ఇసుకబల్ల మీద గుట్ట నమూనా కట్టి, ఒక పక్క తాను మన దళంగా కూర్చుని, ఇంకో పక్క ఒకర్ని శత్రువుగా కూర్చోబెట్టుకుని, వేసుకున్న దాడి పథకాన్ని ఆడి చూసి గడువులోగా నాకు చూపాలి. ఏ జట్టు ఎంత బాగా ఆడిందో తేల్చే మేజర్‌ని నేను. మాది కమలాపురం. నాకు ఓపిక తక్కువ. ఆ ఏడే మావాడు, నా కొడుకు, సైన్యంలో చేరాడు, అప్పటినుంచి అది ఇంకా తగ్గింది.

మొదటి రెండు డేరాల్లో నాకు ఒళ్లు మండింది. శత్రువు వేషం కట్టింది ఆ డేరా కెప్టెన్ కింద పనిచేసే సుబేదారే. పై అధికారిని ఓడించి బతికేదెట్లా? అడిగిందే తడవుగా చచ్చి పడిపోయాడు. కెప్టెన్లు మీసాలు దువ్వుకున్నారు.

మూడో డేరా కెప్టెన్ తిమ్మన్నది, కోడుమూరు మనిషి. నేను మెచ్చితే వందమందికి పైగా జవాన్లుండే కంపెనీ అతని చేతికొస్తుంది. లేకపోతే మళ్లీ ఆఫీసు బల్లే గతి. అతనికి శత్రువు సుబేదారు ఏసన్న. తిమ్మన్న దళం గుట్ట సగం ఎక్కినా ఏసన్న ఒక్క తుపాకీ పేల్చలేదు.

"నేను కాల్చను సార్. రాళ్ల నడుమ నీళ్లుండే దోనె కాడ కూచుంటా. మీవాళ్లు ఈ ఎండకు ఎంతసేపు తాళ్తారు?"

తిమ్మన్న ముఖం ఎర్రబడింది. సుబేదారు పని అయిపోయిందనుకున్నాను. తిమ్మన్న లేచి నిలబడ్డాడు.

"నా తావుకు నువ్వు రా ఏసన్నా. నీ తావున నేను కూచుంటా."

పులిమేక ఆటలో ఓడినవాడు అవతలి కాయలు తీసుకుని మళ్లీ ఆడటం మా ఊళ్లలో మామూలే. సైన్యంలో చూడటం మాత్రం అదే మొదలు. శత్రువు కుర్చీలో కూర్చుని తిమ్మన్న తన పథకాన్ని తానే ఏసన్న కంటే ఘోరంగా చీల్చి చెండాడాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ఇంతలో గడువు ముగిసింది. పథకం చూపించమన్నాను.

"లేదు సార్. దీన్ని నమ్మి మనుషుల్ని పంపేకి నాకు మనసొప్పలేదు. కంపెనీ పోతే పోనీ."

సాయంత్రం అతన్నే మొదటి స్థానంలో పెట్టాను. చేతిలో పథకమే లేనివాడికి కంపెనీ ఏమిటని బ్రిగేడియర్ విసుక్కున్నాడు. మావాడి శిక్షణ ముగిసిందని, ఏదో ఒక కంపెనీకి పంపాలని ఆయనకు తెలుసు.

"వాణ్ణి తిమ్మన్న కిందనే వేయండి సార్," అన్నాను.

ఆయన తిమ్మన్నకు కంపెనీ ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టాడు.