నూట పద్నాలుగో పని

నాకు మతిమరుపు లేదు. తీరిక లేదు, అంతే. ప్రాజెక్ట్ మేనేజర్ని. మూడు ప్రాజెక్టులు నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నాను. భోజనం ఫోన్ మాట్లాడుతూ, తల దువ్వుకోవడం లిఫ్టు అద్దంలో. అందుకని ముఖ్యమైనది ఏదున్నా ఆఫీసు ప్లాన్‌లోకి ఎక్కించేస్తాను. మా అమ్మాయి, ముద్దుగా చేపపిల్ల, దాని ఈత పోటీని కూడా అలాగే, "సర్వర్ మార్పు" కింద నూట పద్నాలుగో పనిగా రాశాను. అక్కడుంటే నాకు గుర్తు చేసి చంపుతుందని నా ధీమా.

ఆ ప్లాన్‌కి ఒక గుణం ఉంది. పైనున్న పని ఆలస్యమైతే దానికి ముడిపడిన కింది పనులన్నీ, ఎవరినీ అడక్కుండా, అన్నే రోజులు వాయిదా పడతాయి. ఆ సంగతి నేనే పాతికమందికి పాఠం చెప్పాను.

గురువారం మధ్యాహ్నం మూడుంబావు. మీటింగు గదిలో పెద్ద తెర మీద క్లయింటు, ఈ పక్క మా డైరెక్టరుగారు. కొత్త సర్వర్‌కి ఒప్పుకోలు సంతకం జరగాలి. టెస్టింగ్ చూసే అక్క ప్లాన్ కిందికి జరుపుతూ ఒకచోట ఆగింది. నాకంటే పదేళ్లు పెద్దది, ఎవరి తప్పునీ ఊరికే వదలదు.

"ఈ నూట పద్నాలుగు ఏంటమ్మా? చేపపిల్ల, పదిహేను వందల మీటర్లు, నాలుగు గంటలు. సర్వర్‌తో పాటు వచ్చే బుధవారానికి పోయింది. దీన్ని కూడా నేనే టెస్ట్ చెయ్యాలా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సగంలో నా నవ్వు ఆగిపోయింది. మా సర్వర్ ఆలస్యమైతే ఈతకొలను ఎందుకు ఆగుతుంది? పోటీ ఇవాళే.

పోయిన వారం ఫోన్‌లో "తేదీ మారింది" అని వచ్చింది. కోచ్‌గారు మార్చారు కాబోలనుకుని "సరే" నొక్కేశాను. ఈ ఉదయం చేపపిల్ల గుమ్మంలో బ్యాగు తగిలించుకుని ఏదో చెప్పింది. నేను చెవి దగ్గర ఫోన్ తియ్యకుండా బొటనవేలు చూపించాను. ఇప్పుడు ఆ బొటనవేలిని విరగ్గొట్టుకోవాలనిపించింది.

ఊరికే చప్పట్లు కొట్టడానికైతే ఇంత కంగారు లేదు. పెద్ద దూరాల పోటీలో ప్రతి పిల్లకీ ఒక లెక్కమనిషి ఉండాలి. కొలను అవతలి అంచున కూర్చుని, పిల్ల వచ్చి తిరిగినప్పుడల్లా ఎన్నో రౌండో బోర్డు నీళ్లలో ముంచి చూపించాలి. ముందుగా పేరిచ్చిన మనిషి రాకపోతే ఆ పిల్లని దిగనివ్వరు. పోయినసారి నేను వెళ్లలేదు. చేపపిల్ల ఒళ్లు తడవకుండా ఇంటికొచ్చింది. రెండోసారి కూడా అలా జరిగితే జట్టులోంచి పేరు తీసేస్తారు.

లేచి నిలబడ్డాను. డైరెక్టరుగారు మైకు ఆపేశారు.

"ఎక్కడికి?"

"మా అమ్మాయికి రౌండ్లు లెక్కపెట్టాలండీ. నాలుగింటికి."

"ఇంకో అరగంట కూర్చోండి. సంతకం అవ్వగానే పరిగెత్తుదురుగాని."

"అరగంటైతే దాని పేరు కొట్టేస్తారు."

"మీరు లేకుండా ఇది ఎలా జరుగుతుంది?"

అక్క నా ముందున్న కాగితాలు తన వైపు లాక్కుంది. "జరుగుతుంది సార్, టెస్ట్ చేసే చెప్తున్నా. నువ్వు కదులు తల్లీ."

కదిలాను. లిఫ్టు రాలేదు, ఏడు అంతస్తులూ మెట్ల మీదే. టాక్సీ రెండు సిగ్నళ్లు దాటి మూడో దాని దగ్గర మొరాయించింది. దిగి, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగందుకున్నాను. ఆఫీసు కోటులో చెప్పుల్లేకుండా పరిగెత్తే ఆడమనిషికి జనం భలే దారిస్తారు. ఊపిరి అందడం లేదు, డొక్కలో పోటు, అయినా లోపల ఏదో ఉత్సాహం ఎగదన్నుతోంది. ఇంత గట్టిగా పరిగెత్తి ఎన్నేళ్లయిందో.

మూడూ యాభై ఎనిమిది. కోచ్‌గారి చేతిలో జాబితా, ఎర్ర పెన్సిలు.

"ఏమ్మా, నాలుగో లైను కొట్టేద్దామనే పెన్సిలు తీశాను. వెళ్లు, వెళ్లు."

చేపపిల్ల అప్పటికే దిమ్మ మీద నిలబడింది. నన్ను చూసింది. నవ్వలేదు. కళ్లద్దాలు కిందికి లాక్కుంది.

ఈల. ఆరుగురూ ఒకేసారి నీళ్లలో పడ్డారు.

అవతలి అంచున బోర్లా పడుకుని, బోర్డు పట్టుకున్న చేతులు మోచేతుల దాకా నీళ్లలో పెట్టాను. ఒకటి. రెండు. మూడు. అయిదో రౌండులో మాది ఆఖరున ఉంది. పదకొండులో ఒకర్ని దాటింది. కోటు జేబులో ఫోన్ వణకడం మొదలెట్టింది. పద్నాలుగు. ఇంకొకర్ని దాటింది. ఫోన్ ఆగి మళ్లీ వణికింది. పంతొమ్మిదో రౌండులో నా కుడిచెయ్యి, అలవాటు పాపం, జేబు వైపు వెళ్లింది. ఆ క్షణంలోనే చేపపిల్ల నల్లటి టోపీ నీళ్లలోంచి నా మీదికి దూసుకొచ్చింది. గబుక్కున రెండు చేతులతో బోర్డు పట్టుకుని ముంచాను. ఆ తర్వాత ఎవరు పిలిచారో, ఏ సర్వర్ ఏమైందో నాకు అక్కర్లేకపోయింది. ఎన్నో నెలల తర్వాత నాకు ఒకే ఒక్క పని. ఇరవై నాలుగు. ఇరవై తొమ్మిది. గంట మోగింది, ఆఖరి రౌండు. నేనేం అరిచానో నాకు తెలియదు, పక్క లైను లెక్కమనిషి మాత్రం చెవి మూసుకున్నాడు.

మూడో స్థానం. తన పాత సమయం కంటే పదకొండు సెకన్లు తక్కువ.

ఫోన్ తీశాను. డైరెక్టరుగారివి తొమ్మిది పిలుపులు. అక్క నుంచి ఒక సందేశం: "సంతకం అయిపోయింది. మనకి ఎన్నో స్థానం?"

తువ్వాలు చుట్టుకుని చేపపిల్ల నా పక్కన కూలబడింది. ఇంకా రొప్పుతోంది.

"పంతొమ్మిదిలో బోర్డు తలకిందులుగా పెట్టావమ్మా."

"అయ్యో. లెక్క తప్పావా?"

"లేదు. లెక్క నేనే పెట్టుకోగలను, నాకు ఎప్పుడూ తప్పదు."

"మరి ప్రతిసారీ బోర్డు కేసి అంత తేరిపార ఎందుకు చూశావు?"

తువ్వాలుతో ముఖం తుడుచుకుంది.

"బోర్డు కాదు. నువ్వు ఇంకా ఉన్నావా, లేచి వెళ్లిపోయావా అని చూశాను."