గంగులయ్య పడవకు హెడ్‌ఫోను

తెల్లారగానే గంగులయ్య మొహం కడుక్కుని, విభూతి పెట్టుకుని, పడవ ముక్కుకు చెవి ఆనించేవాడు. మైపాడులో పడవ నడిపే సరంగులందరూ చేసే పనే అది. పడవ "పద" అంటే వల ఎత్తాలి. "వద్దు" అంటే ఒడ్డున కూర్చుని చిరుగులు కుట్టుకోవాలి. కామాక్షయ్య పడవైతే అడగని కబుర్లు కూడా చెప్పేది. ఏ పడవ మాటైనా దాని సరంగే వినాలి, ఇంకొకరు చెవి పెట్టకూడదు. ఆడవాళ్లయితే పడవను తాకనే కూడదు.

అలాంటిది ఎండలు ముదిరినప్పటి నుంచి గంగులయ్య పడవ గొంతు తగ్గింది. మొదట గొణిగింది, తర్వాత అదీ లేదు. పడవ మాట లేకుండా సముద్రంలోకి పోయే వంశం కాదు అతనిది. పక్క పడవలు చేపలు దించుతుంటే ఇతనిది ఇసుకలో ఎండుతోంది. జట్టులోని నలుగురూ చూసి చూసి, రేపు కూడా ఇంతే అయితే కామాక్షయ్య పడవెక్కుతామని తేల్చేశారు. జట్టు పోయాక సరంగును ఎవరు సరంగంటారు?

దానికి తోడు ఈమధ్య ఊరు ఊరంతా గొణుగుతూ అతని ప్రాణం తీస్తోంది.

"ఏందిమే, నోట్లో ముద్ద పెట్టుకోని మాట్లాడతావు?" అని పెళ్లాం గురవమ్మ మీద అరిచేవాడు. ఆమె గొంతు పెంచితే, "నామీద అరుస్తావా?" అని మళ్లీ అరిచేవాడు. ఎటు చెప్పినా తప్పే.

ఆ రోజే బస్సెక్కి నెల్లూరు పోయి, రేడియోలు బాగుచేసే హెబ్రోను కొట్లో కూర్చున్నాడు.

"పడవ మాట వినాలంటే హెడ్‌ఫోను చాలన్నా," అన్నాడు హెబ్రోను. "ఇది మిలిటరీ వాళ్లది, బరువు. గట్టి శబ్దాలకే పనికొస్తది. ఇదుగో, దీంట్లో సన్నతీగ చుట్టుంటది. బ్యాటరీ లేని క్రిస్టల్ రేడియో కూడా దీంట్లో పలకతది. నీకు ఇదే సరి."

సన్నతీగది రేడియోకు తగిలించి ఇచ్చాడు. గంగులయ్య పెట్టుకుని, తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది చచ్చినట్టుండాది!"

హెబ్రోను తను పెట్టుకుని చూశాడు. మద్రాసు స్టేషను పాటకు తల ఊపాడు. మిలిటరీదీ, మరొకటీ ఇచ్చాడు. అన్నింటికీ గంగులయ్యది అదే మాట. విసుగెత్తిన హెబ్రోను చివరికి యాంప్లిఫయరు పెట్టె, బ్యాటరీ దించాడు.

"దీంతో మాట పెద్దదవతది. కాకపోతే అలల హోరూ, పురుగులు చెక్క కొరికే చప్పుడూ అన్నీ పెద్దవవతాయి. ముందు వట్టి హెడ్‌ఫోనుతో చూడు. కుదరకపోతేనే ఇది తగిలించు. పెట్టె ఉంచుకోవాలనుకుంటే నీ కొత్త నైలాను వల నాకియ్యి, లేకుంటే తిరిగి తెచ్చియ్యి."

గంగులయ్యకు వల అన్న మాటొక్కటే చెవిన పడింది. ఆ వల మీద ఇంకా తడి కూడా పడలేదు. అయినా తలూపి, అన్నీ మూటగట్టుకొచ్చాడు.

మర్నాడు ఒడ్డున జట్టు చూస్తుండగా ఒక తీగ పడవ మేకుకు చుట్టి, ఇంకోటి నీళ్లలో వదిలాడు. మొదటే యాంప్లిఫయరు తగిలించాడు. చెవుల్లో గుర్రుమని ఒకటే హోరు. మీట ఎటు తిప్పినా హోరే. పీకేసి హెడ్‌ఫోనును నేరుగా తీగలకు తగిలించాడు. ఏమీ లేదు. ఏడుపొచ్చినంత పనైంది. హెడ్‌ఫోను తీసి, తీగ సాగినంత దూరం ఇసుకలోకి విసిరాడు.

గంజి తెచ్చిన గురవమ్మ, అరువు సరుకు పాడవుతుందని దాన్ని ఎత్తి కొంగుతో తుడిచింది. తుడుస్తూ ఆగిపోయింది. చెవికి పెట్టుకుంది.

"పద అంటా ఉండాదయ్యా," అంది మెల్లగా. "ఎండల కాడ్నించీ అంటానే ఉండాదంట. ఎంత అరిచినా ఈ మనిషికి..." మిగతా మాట మింగేసింది.

జట్టు మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరికీ అర్థమైంది, గంగులయ్యకు తప్ప.

"ఏందిమే ఆ గొణుగుడు?"

ఈసారి ఆమె దగ్గరికొచ్చి, అతని తల రెండు చేతులా పట్టుకుని, చెవిలో నోరు పెట్టి, కామాక్షయ్య పడవ దాకా వినపడేట్టు అరిచింది.

"పద అంటోంది!"

గంగులయ్యకు వినపడింది. పడవ గొంతుకు ఏమీ కాలేదని తెలిసింది. సిగ్గేసింది. నెలల తర్వాత మాట దొరికినందుకు కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. జారిన హెడ్‌ఫోను సర్ది ఆమె తలకే పెట్టాడు.

"మాట విన్నోళ్లే సరంగు. ఎక్కు మే."

జట్టు మనుషులు పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు. పడవ చెప్పినాక అడ్డమేముంది? కొత్త వల పడవలో పడింది. గురవమ్మ చీర ఎగచెక్కుకుని ముందర కూర్చుంది. గంగులయ్య వెనక తెడ్డు అందుకున్నాడు.

చేపలు అమ్ముడుపోయాక పెట్టె తిరిగిచ్చేయడానికి నెల్లూరు పోయాడు.

"యాంప్లిఫయరు అక్కర్లేదా అన్నా?" అని హెబ్రోను గట్టిగా అరిచి అడిగాడు.

"అక్కర్లేదు," అన్నాడు గంగులయ్య. "ఇంట్లోనే ఉండాది."