మూడు పొయ్యిలు ఒకటైన వేళ

ఆయన్ని అందరూ సగటు గారని పిలుస్తారు. "నేను కట్టేది సగటు కాదండీ, మధ్యగతం" అని ఆయన ఏళ్ళ తరబడి మొత్తుకుంటూనే ఉన్నాడు. పల్లెలే తప్ప పట్నం లేని ఆ జిల్లాలో ఇళ్ళన్నిటినీ ఆదాయం కొద్దీ వరసలో నిలబెడితే, సరిగ్గా నడిమధ్యన నిలబడే ఇల్లు ఎంత సంపాదిస్తోందో ఏటేటా అంచనా కట్టడం ఆయన ఉద్యోగం. వరస చివర ఓ కోటీశ్వరుడొచ్చి నిలబడ్డా నడిమింటికి చీమ కుట్టినట్టయినా ఉండదు. అందుకే ఆయనకు ఆ లెక్కంటే ముద్దు.

అంత బుద్ధిమంతమైన లెక్క ఈసారి ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళూ గ్రాఫులో నత్తలా పాకిన గీత ఉన్నట్టుండి గోడెక్కి కూర్చుంది. పై ఆఫీసు మేడమ్ ఫోన్ చేసింది.

"అభినందనలండీ, మీ జిల్లా బాగుపడింది! ఇక వైద్యం వ్యాను మీకక్కర్లేదు. వచ్చే నెల నుంచి ఆపేస్తున్నాం."

గురువారం గురువారం వచ్చే ఆ వ్యానే అక్కడి పల్లెలకు డాక్టరూ, మందుల కొట్టూ.

"ఒక్క వారం ఆగండి మేడమ్. పంటలు విరగపండలేదు, ఫ్యాక్టరీ రాలేదు. ఇంత డబ్బు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూసొస్తాను."

సర్వేలో పడేవి జిల్లా మొత్తానికి కొన్ని వీధులే. గీతను ఎత్తి కూర్చోబెట్టింది అందులో ఒకే ఒక్క వీధి. ఆయన సంచీ తగిలించుకుని బయల్దేరాడు.

మొదట ఓ ముసలమ్మ ఇంటి తలుపు కొట్టాడు. పలకలేదు. పక్కది ఆమె చిన్నకొడుకైన మెకానిక్ ఇల్లు. అక్కడా పలకలేదు. ఆ పక్క పెద్దకొడుకు దర్జీ ఇంట్లోంచి మాత్రం సంత జరుగుతున్నంత గోల.

"రండి సగటు గారూ!" అన్నాడు దర్జీ.

"మధ్యగతం."

"ఏదోలే నాయనా, కూర్చో" అంది ముసలమ్మ.

వంటగది కిటికీలోంచి మూడు పెరళ్ళూ ఒక్కటిగా కనబడుతున్నాయి. "ఇక్కడ గోడలుండాలి కదా?"

"వానకి అన్నీ కూలాయి సార్. వీధంతా ఇంతే" అన్నాడు మెకానిక్. "అన్నయ్య కడతాడని నేనూ, నేను కడతానని అన్నయ్యా చూస్తూ కూర్చున్నాం."

"ఏళ్ళ తరబడి మాటల్లేని వెధవలు!" అంది ముసలమ్మ. "గోడ పోయాక పొద్దున్నే ఒకడి మొహం ఒకడు చూడక తప్పిందా? పళ్ళు తోముకుంటూ ఎంతసేపని మూతి ముడుచుకుంటారు?"

"అత్తయ్య కూడా పింఛను డబ్బుల్తో విడిగా వండుకునేవారు. ఇప్పుడు పొయ్యి ఒకటే, వీధిలో మిగతావాళ్ళూ ఇలాగే కలిశారు" అంది పెద్దకోడలు. "ఉప్పు మాత్రం ముగ్గురం వేస్తాం."

ఆయన పకపకా నవ్వాడు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒకే ఇల్లని సర్వే నిబంధన. వరస కిందివైపునున్న రెండు చిన్న ఇళ్ళు మాయమై, మూడు సంపాదనలున్న ఒక్క ఇల్లు పైకెళ్ళి నిలబడింది. వీధి వీధంతా అలా చేస్తే నడిమిల్లు పైకి జరగక ఏం చేస్తుంది? ఎవరి జేబులోకీ పైసా అదనంగా రాలేదు.

ఈ లెక్కా, వ్యాను సంగతీ ఆయన చెప్పగానే ముసలమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి నా షుగరు ఎవరు చూస్తారు? ఒరేయ్, లేవండి. దెబ్బలాడుకోండి!"

"ఇప్పుడా అమ్మా? భోంచేశాక..." అన్నాడు చిన్నవాడు.

"ఈయన రాసుకునేదాకా చాలు. పెద్దోడా, వాణ్ణి ఓ మాట అను."

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు... నువ్వు బాగుచేసిన నా మిషను వెనక్కి కుడుతోందిరా!"

"నువ్వు కుట్టిన చొక్కాకి అదే సరిపోతుందిలే!"

ఇద్దరూ మొహాలు చూసుకుని విరగబడి నవ్వారు. తగువు అక్కడితో చెడిపోయింది.

"లేని తగువు నేను రాయలేనమ్మా" అన్నాడాయన. "ఉన్న పొత్తునే సరిగ్గా రాయగలనేమో చూస్తాను."

ఆఫీసుకొచ్చి ఈ ఏటి సంపాదనలను నిరుటి పొయ్యిల ప్రకారం విడదీసి మళ్ళీ లెక్కకట్టాడు. గీత బుద్ధిగా గోడ దిగి నత్త నడక పట్టింది.

"అయితే ఆదాయం పెరగలేదంటారా?" అంది మేడమ్ ఫోన్‌లో.

"లేదు మేడమ్. పొయ్యిలు తగ్గాయి."

అవతల కిసుక్కున నవ్వు. "రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి పంపండి. పాత పొయ్యిలదే చూస్తాం. వ్యాను ఉంటుంది లెండి."

గురువారం వ్యాను దగ్గర ముసలమ్మ, సూది గుచ్చిన వేలు నొక్కిపట్టుకుని ఆయన్ని నిలదీసింది. "ఇంతకీ మీ ఇంట్లో ఎంతమంది?"

"నేనొక్కణ్ణే. మా ఆవిడ పోయింది కదా."

"ఒక్క మనిషికో పొయ్యా! రోజూ మా ఇంట్లో తిను."

"రోజూ తింటే మీ ఇంటి లెక్కలో పడతానమ్మా. నా జీతంతో మీ ఇల్లు ఇంకా పైకెక్కుతుంది."

ముసలమ్మ ఓసారి వ్యాను వైపు అనుమానంగా చూసింది. "వారానికోసారి తింటే?"

"చుట్టాన్నవుతాను. చుట్టాలను లెక్కపెట్టం."

"అయితే పద, ఇవాళే" అంది, ఆయన మోచెయ్యి ఆసరాగా పట్టుకుంటూ. "ఉప్పు మాత్రం నువ్వు వెయ్యకు."