రిగ్గై ఇంట్లో నాలుగు ప్యానెళ్లు

పొద్దున్నే లేచి వాకిలి కడగడం, చాయ్ పెట్టడం, గదులు తుడవడం. కువైట్‌లో, రిగ్గైలోని ఆ రెండంతస్తుల ఇంట్లో ఎలీసమ్మ పని అదీ. ఆవిడ ఇంట్లో ఉంటే ఇల్లంతా చల్లగా ఉంటుంది. జూన్ ఎండల్లోనూ అంతే, అందుకే అక్కడ ఏసీలు వెయ్యరు. అమలాపురం దగ్గర మనిషి కదా, అలాగే ఉంటుందనుకుని ఊరుకున్నారంతా.

చిక్కల్లా అక్కడే వచ్చింది. ఊళ్లో కూతురు మెర్సీకి నెలలు నిండుతున్నాయి. పంపమని అడిగితే, నువ్వెళ్తే మేం ఉడికిపోతాం, మేడ మీద సోలార్ పెట్టించి ఏసీలు నడిచాక వెళ్లమంది ఇంటి యజమానురాలు. పనివాళ్లు ఆవిడని మామా అంటారు.

కొలతలకి అల్ రాయ్‌లోని సోలార్ షాపు నుంచి భీమవరం కుర్రాడు టిమోతి వచ్చాడు. ఏసీలు లెక్కేస్తే మేడ నిండా ప్యానెళ్లు కావాలి. ఏడాది బిల్లులు చూస్తే నాలుగు చాలు. ఇదేం ఇల్లురా బాబూ అని తల గోక్కున్నాడు. ఎలీసమ్మ చల్లదనం సంగతి చెబితే "అదా" అన్నాడు గానీ, కరెంటాఫీసుకి అదెలా రాయాలో తెలీలేదు. మేడ నిండా ప్యానెళ్ల లెక్కే రాసి పంపాడు. ఆఫీసాయన వచ్చి, కదలని మీటరు చూసి, వాడని కరెంటుకి ఇంత ఎందుకని నాలుగింటికే అనుమతిచ్చాడు. దాంతో ఒక్క ఏసీ నడిస్తే గొప్ప. ఎలీసమ్మకి తన చల్లదనం మీద తనకే ఒళ్లు మండింది.

దుమ్ము పడితే ప్యానెళ్లు పనిచెయ్యవట. ఏం చేస్తుంది పాపం, రోజూ మేడెక్కి తడిగుడ్డతో తుడిచేది. తుడుస్తూ మెర్సీ కోసం ప్రార్థన చేసుకునేది.

ఒక శుక్రవారం కువైట్ సిటీలో చర్చికెళ్లి సాయంత్రానికి గానీ రాలేదు. ఇల్లు మండిపోతుంటుందని గాభరాగా తలుపు తీస్తే, మామా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఏసీలన్నీ ఆపే ఉన్నాయి.

మర్నాడు టిమోతిని పిలిపించారు. వాడు మేడెక్కి ప్యానెల్ ముట్టుకున్నాడు. ఎర్రటి ఎండలో మంచినీళ్ల కుండలా ఉంది.

"ఇది సోలారో మీరో నాకేం అర్థం కావట్లేదు పిన్నిగారండీ" అన్నాడు.

కిందికొస్తే మామాదీ అదే అయోమయం. ఏసీల్లేకుండానే చల్లగా ఉందేమిటి, సోలార్ ఇలాగే పనిచేస్తుందా అని అడిగింది. టిమోతి కాసేపు నసిగి, ఇలాగేనన్నాడు.

అప్పుడే ఎలీసమ్మ గుడ్డ పట్టుకుని మెట్లు దిగింది. నుదుటి నిండా చెమట. ఆవిడకి చెమట పట్టడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మామాయే దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకు చూసింది. అందరి చేతుల్లాగే వెచ్చగా ఉంది. లోపలికెళ్లి, తను దాచిన ఎలీసమ్మ పాస్‌పోర్టు తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"ఖలాస్, ఎలీసమ్మా. కూతురి దగ్గరికి వెళ్లు."

"ఉక్కపోస్తోంది మామా" అంది ఎలీసమ్మ, నవ్వుతూ, ముఖం తుడుచుకుంటూ. ఆ మాట అనడం ఎంత హాయిగా ఉందో, ఇంకోసారి అంది.